కాలేజీ ఫుట్‌బాల్: స్కోరుబోర్డుకు ఎక్కని డిఫెన్స్ హీరోలు.. ఈ 3 మ్యాచ్‌లు తెలిస్తే ఆట చూసే తీరే మారుతుంది

అమెరికాలో కాలేజీ ఫుట్‌బాల్‌కు ఉన్న క్రేజ్ అంతా ఇంతా కాదు. అక్కడ చదువుకుంటున్న మన తెలుగు విద్యార్థులు కూడా శనివారం వస్తే యూనివర్సిటీ జెర్సీ వేసుకుని స్టేడియానికి వెళ్తుంటారు. ఫోన్లలో తిరిగే క్లిప్పుల్లో మాత్రం ఎక్కువగా టచ్‌డౌన్లే ఉంటాయి. వాటిని అడ్డుకున్న వాళ్ల సంగతేంటి? ఓసారి చూద్దాం.

ముందు ఆట గురించి 2 ముక్కలు

మైదానంలో ఒక్కో జట్టు నుంచి 11 మంది ఉంటారు. బంతి ఉన్న జట్టు 4 ఛాన్సుల్లో 10 గజాలు ముందుకెళ్లాలి. వెళ్తే మళ్లీ 4 ఛాన్సులు. అవతలి చివర ఉన్న ఎండ్ జోన్‌కు బంతి చేరిస్తే టచ్‌డౌన్, అంటే 6 పాయింట్లు. దాన్ని ఆపడమే డిఫెన్స్ పని. కబడ్డీలో రైడర్‌ని పట్టేసినట్టు బంతి ఉన్నవాడిని పడేస్తే టాకిల్. పాస్ వేసే క్వార్టర్‌బ్యాక్‌ని బంతి వదలకముందే పడేస్తే శాక్. ఇద్దరు కలిసి పడేస్తే చెరో సగం లెక్క. ప్రత్యర్థి పాస్‌ని మధ్యలోనే పట్టేస్తే ఇంటర్‌సెప్షన్.

1. లెక్కలోకి రాని ప్లే: జార్జ్ టీగ్

1993 జనవరి 1, న్యూ ఆర్లీన్స్‌లో షుగర్ బౌల్. జాతీయ టైటిల్ కోసం అలబామా, మయామి తలపడ్డాయి. అప్పటికి మయామి వరసగా 29 మ్యాచ్‌లు గెలిచి ఊపు మీదుంది. మూడో క్వార్టర్‌లో అలబామా డిఫెండర్ టీగ్ ఒక పాస్ పట్టేసి టచ్‌డౌన్ చేశాడు. అసలు సీన్ ఆ తర్వాతే. మయామి ఆటగాడు లమార్ థామస్ పాస్ అందుకుని ఎండ్ జోన్ వైపు దూసుకెళ్తున్నాడు. ముందు అడ్డు ఎవరూ లేరు. టీగ్ వెనక నుంచి పరుగెత్తుకొచ్చి, పరుగులోనే థామస్ చేతిలోని బంతిని లాగేసుకున్నాడు!

ట్విస్ట్ ఏంటంటే.. అలబామా ఆటగాడు ఆఫ్‌సైడ్ కావడంతో ఆ ప్లే రద్దయింది. బంతి మళ్లీ మయామికే. అంటే టీగ్ గణాంకాల్లో దానికి చోటు లేదు. కానీ థామస్ గీత దాటి ఉంటే, మయామి ఆ పెనాల్టీ వద్దని టచ్‌డౌన్‌నే తీసుకునేది. చివరికి అలబామా 34-13తో గెలిచి చాంపియన్ అయింది.

2. ఓడినా నిలిచిన పేరు: నడామకాంగ్ సూ

2009 డిసెంబర్ 5, బిగ్ 12 ఫైనల్. నెబ్రాస్కా డిఫెన్స్ లైన్‌లో ఆడిన సూ, ఒక్క మ్యాచ్‌లోనే 12 టాకిల్స్, 4.5 శాక్స్ చేశాడు. టెక్సస్ క్వార్టర్‌బ్యాక్ కోల్ట్ మెకాయ్‌కి ఊపిరి ఆడనివ్వలేదు. అయినా గడియారంలో 1 సెకను మిగిలి ఉండగా కొట్టిన ఫీల్డ్ గోల్‌తో టెక్సస్ 13-12తో గట్టెక్కింది. ఆ ఏడాది కాలేజీ ఆటలో అత్యున్నత అవార్డు హైస్‌మన్ ట్రోఫీ రేసులో సూకి దక్కింది నాలుగో స్థానమే.

3. ట్రోఫీ తెచ్చిన డిఫెండర్: చార్లెస్ వుడ్సన్

1997 అక్టోబర్‌లో మిషిగన్ స్టేట్‌తో మ్యాచ్. బయటికి వెళ్లిపోతున్న పాస్‌ని మిషిగన్ కార్నర్‌బ్యాక్ వుడ్సన్ గాల్లోకి ఎగిరి ఒంటిచేత్తో పట్టేశాడు. ఆ ఏడాది పేటన్ మ్యానింగ్‌ని వెనక్కి నెట్టి హైస్‌మన్ గెలిచాడు. ప్రధానంగా డిఫెన్స్ ఆడే వ్యక్తికి ఆ ట్రోఫీ రావడం అదే మొదటిసారి. అయితే వుడ్సన్ పంట్ రిటర్న్‌లు చేశాడు, అప్పుడప్పుడు అటాక్‌లోనూ ఆడాడు. 2024లో గెలిచిన కొలరాడో ఆటగాడు ట్రావిస్ హంటర్ కూడా రెండు వైపులా ఆడినవాడే. 1935 నుంచి ఇస్తున్న ఈ ట్రోఫీ, కేవలం డిఫెన్స్ ఆడిన వాళ్లలో ఒక్కరికి కూడా రాలేదు.

నంబర్లతో వచ్చే చిక్కు ఇదే

అటాక్ ఆటగాడు బాగా ఆడితే గజాలు, పాయింట్లు పెరుగుతాయి. డిఫెన్స్‌లో ఒక్కోసారి రివర్స్. కార్నర్‌బ్యాక్ మరీ గట్టివాడైతే ప్రత్యర్థి అటువైపు పాస్ వేయడమే మానేస్తాడు. దాంతో అతని ఖాతాలో ఇంటర్‌సెప్షన్లు తగ్గుతాయి. లైన్‌లో ఒక్కడిని ఆపడానికి ఇద్దరు వస్తే, పక్కనున్న సహచరుడికి దారి దొరుకుతుంది. శాక్ మాత్రం ఆ సహచరుడి పేరు మీద పడుతుంది.

అందుకే ఈసారి క్లిప్ చూసేటప్పుడు బంతి ఒక్కదాన్నే కాదు.. ఇంకో 2 విషయాలు గమనించండి. క్వార్టర్‌బ్యాక్ ఎవరి వైపు పాస్ వేయడానికి జంకుతున్నాడు? లైన్‌లో ఎవరి మీదికి ఇద్దరేసి వెళ్తున్నారు? ఆ మ్యాచ్‌ని తిప్పుతున్నది చాలాసార్లు అతనే.