వీల్స్ పెద్దవి వేయిస్తున్నారా? ముందు ఈ లెక్క చూడండి!

స్పోర్ట్స్ కారుకు పెద్ద అల్లాయ్ వీల్స్ వేస్తే ఆ లుక్కే వేరు. కానీ సైజ్ తప్పితే స్పీడోమీటర్ కూడా తప్పు చెబుతుంది. 2012లో వచ్చిన టయోటా 86నే తీసుకుంటే.. 17 అంగుళాల వీల్‌కు కంపెనీ ఇచ్చిన టైర్ 215/45. అంటే వెడల్పు 215 మి.మీ., పక్క ఎత్తు అందులో 45 శాతం. మొత్తం వ్యాసం సుమారు 625 మి.మీ.

18 అంగుళాలకు మారి 225/40 వేస్తే 637 అవుతుంది. తేడా 2 శాతం లోపే, ఇబ్బంది లేదు. 3 శాతం దాటొద్దన్నది టైర్ల షాపుల్లో వాడుక లెక్క. అదే 235/45 వేశారో.. ఏకంగా 669! మీటర్‌లో 100 కనిపించినా అసలు వేగం 107 దాకా ఉండొచ్చు. స్టీరింగ్ తిప్పితే టైర్ ఫెండర్‌కు రాసుకునే ప్రమాదమూ ఉంది.

చాలామంది పట్టించుకోనిది ఆఫ్‌సెట్. అంటే వీల్ మధ్య గీత నుంచి హబ్‌కు ఆనే చోటు ఎంత దూరమన్నది. ఈ కారు వీల్ వెడల్పు 7 అంగుళాలు, ఆఫ్‌సెట్ 48. బదులుగా 8 అంగుళాలది, 35 ఆఫ్‌సెట్‌తో బిగిస్తే బయటి అంచు దాదాపు 26 మి.మీ. ముందుకొస్తుంది. ఇక 5 నట్ల వలయం 100 మి.మీ. కాబట్టి 114.3 వీల్ ఎంత నచ్చినా సెట్ కాదు.

టైర్‌పై 87 అని ఉంటే ఒక్కోటి 545 కిలోలు మోస్తుందని అర్థం. కంపెనీ ఇచ్చిన నంబర్ కంటే తక్కువది చవగ్గా వచ్చినా తీసుకోవద్దు.