పాత ఇనుములో రాజుల కారు



ఫ్రీజర్‌లో గాజుసీసా నిండా నీళ్లు పోసి మరచిపోతే ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. నీరు గడ్డకడుతూ పెరుగుతుంది, సీసా పగులుతుంది. అలాంటి నీళ్లే రాజుల కోసం చేసిన ఒక కారును పాత ఇనప సామాన్ల కొట్టుకు చేర్చాయంటే నమ్ముతారా?

ఫ్రాన్సులోని మోల్షైమ్‌లో ఎత్తోరె బుగాటీ అనే ఆయనకు కార్ల ఫ్యాక్టరీ ఉండేది. 1920ల చివర, రాజులు ఎక్కదగ్గ కారు చెయ్యాలని పూనుకున్నారు. దాని పేరు ‘రోయాల్’. ఎనిమిది సిలిండర్లు, దాదాపు 13 లీటర్ల ఇంజను, మూడు టన్నుల బరువు! ముందుభాగాన తొండమెత్తిన ఏనుగుబొమ్మ. దాన్ని మలిచింది ఆయన తమ్ముడు రెంబ్రాంట్. పాతిక కార్లు చేద్దామనుకున్నారు. ఇంతలో 1929 ఆర్థిక మాంద్యం వచ్చిపడింది. చివరకు నిలిచినవి ఆరు, అప్పట్లో అమ్ముడైనవి మూడు. రాజులెవరూ కొననేలేదు!

కొన్న ముగ్గురిలో ఒకరు జర్మనీలో పురుళ్లు పోసే డాక్టరు, జోసెఫ్ ఫుక్స్. 1932లో టాపు మడిచే బాడీ కట్టించుకున్నారు. తర్వాత ఆయన దేశం విడిచి, షాంఘై మీదుగా న్యూయార్కు చేరారు. కారూ వెంట వెళ్లింది. అక్కడ ఒక చలికాలం ఇంజనులోని నీళ్లు తీసెయ్యలేదు. గడ్డకట్టి ఇంజను బీటలువారింది. అంతటి కారూ తుక్కు కింద లెక్కయింది.

1940లలో బ్యూక్ కంపెనీ ఇంజనీరు చార్లెస్ చెయిన్ దాన్ని సుమారు 400 డాలర్లకు కొన్నారు. ఓపిగ్గా బాగుచేసి 1947 నాటికి రోడ్డెక్కించారు. అయితే ఉన్నదున్నట్టు ఉంచలేదు. ఒక కార్బురేటర్ ఉన్నచోట నాలుగు పెట్టారు. నల్లని కారుకు తెల్లరంగు వేశారు.

మరి అది పాత కారేనా అని మీరు అడగవచ్చు. అమ్మమ్మగారి ఇత్తడి గంగాళానికి సొట్ట తీయించి, మాటు వేయించి, కళాయి పూయిస్తే అది అమ్మమ్మగారిది కాకుండా పోతుందా? రంగు మారినా ఫరవాలేదు గానీ, కరిగించేస్తే మాత్రం మరి రాదు కదా!

తర్వాత చెయిన్ దంపతులు ఆ కారును అమెరికాలో డియర్‌బోర్న్‌లోని హెన్రీ ఫోర్డ్ మ్యూజియానికి ఇచ్చేశారు. ఈనాటికీ అక్కడే ఉంది. దాని విలువ తెలిసిన ఒక్క మనిషి సమయానికి కొట్టుకు వెళ్లబట్టి దక్కింది. మన అటకమీది గంగాళాన్ని తూకానికి వేసేముందు, దాని కథ తెలిసినవాళ్లు ఇంట్లో ఎవరున్నారో ఒక్కసారి అడిగి చూడండి.