అరకు మీదుగా పది రాగాల డిస్కో

2008 నుంచి దాదాపు ఏటా ఏప్రిల్లో పాటల రికార్డుల దుకాణాలు పండగ చేసుకుంటున్నాయి. నాకు తెలిసి అరకులో అలాంటి కొట్టు లేదు. ఉందంటే చెప్పండి, రేపే కిరండూల్ రైలెక్కుతాను.

1902లో కలకత్తాలో గాయని గౌహర్ జాన్ రికార్డు కోసం పాడింది. ఆ కాలపు ప్లేట్లకు లక్క కావాలి, లక్కేమో అడవి బిడ్డలు కొమ్మల మీంచి గీకి తెచ్చేది. తర్వాత లక్క పోయి వినైల్ వచ్చింది. 1960లలో జపాన్ సాయంతో అరకు మీదుగా రైలుమార్గం పడింది, బైలడిల్లా ఇనుప ఖనిజం విశాఖ రేవు దాటి జపాన్ చేరింది. అరవై ఏళ్లను ఇలా దూకేశానంటే 1982 చేరాలన్న తొందరే.

ఆ ఏడాది బొంబాయి సినిమా వాద్యకారుడు చరణ్‌జిత్ సింగ్ ఆ ఖనిజం చేరిన జపాన్‌కే చెందిన రోలాండ్ కంపెనీ పెట్టెలు మూడు ముందేసుకున్నాడు: జూపిటర్-8 సింథసైజర్, డ్రమ్ముల టీఆర్-808, బేసు వాయించే టీబీ-303. ఒక ఎల్పీలో పది హిందుస్తానీ రాగాలు, కింద డిస్కో దరువు. మాల్కౌన్స్ అంటే మన హిందోళమే, భూపాలి మోహనమే. అంత మోతలోనూ మన చెవి దారి తప్పదు. ఆ ఎల్పీని జనం పట్టించుకోలేదు. టీబీ-303 కూడా అమ్ముడుపోక 1984 కల్లా ఆగిపోయింది. చవగ్గా దొరికిన పాత పెట్టెలతో చికాగో కుర్రాళ్లు 1987లో మెలికలు తిరిగే బేసుతో ‘యాసిడ్ ట్రాక్స్’ తెస్తే క్లబ్బులు ఊగిపోయాయి. అదే మెలికల బేసు అయిదేళ్ల ముందే బొంబాయిలో మోగిందని, ఢిల్లీలో పాత రికార్డు దొరికిన డచ్ సేకరణకర్త ఎడో బౌమన్ 2010లో దాన్ని మళ్లీ విడుదల చేశాకే లోకానికి తెలిసింది.

సెకండ్‌హ్యాండ్ బేరంలో పుట్టిన సంగీతానికి వినేవాడు వేలు పొయ్యాలా? మన పల్లెల్లో పైసా ఖర్చులేని దారి మైకుసెట్టు. పెళ్లి వాళ్లది, పాట ఊరందరిదీ. కరెంటు లేనిచోట బ్యాటరీల మీద తిరిగే హెచ్ఎంవీ ఫియెస్టా రికార్డు ప్లేయరు ఉండేది. 1986లో ‘సింహాసనం’తో బప్పీ లహిరి డిస్కో తెలుగువాళ్లను ఊపేసేనాటికి క్యాసెట్టు వచ్చి కూర్చుంది.

ఇక్కణ్నుంచి కథ చెల్లాచెదురు. అరకు రిసార్టుల్లో థింసా తుడుం పక్కనే బ్లూటూత్ స్పీకరు. కొత్త ఎల్పీ వేలల్లో. చవగ్గా కావాలంటే ముందు యూట్యూబ్‌లో విని, తర్వాత హైదరాబాద్ ఆబిడ్స్ ఆదివారం ఫుట్‌పాత్‌నో, జుమ్మేరాత్ బజార్‌నో గాలించండి. ప్లేటును కంటి ఎత్తున అడ్డంగా పట్టి వంకర చూడండి, వెలుగుకు తిప్పి గీతలు చూడండి. ప్లేయరు పాతదైనా ఫర్వాలేదు, ముల్లు మాత్రం కొత్తది వేయించండి, అరిగిన ముల్లు గాడిని చెక్కేస్తుంది. టీబీ-303 కోసం మాత్రం వెతక్కండి. ఎవరూ కొనని ఆ పెట్టె ఇప్పుడు లక్షల్లో పలుకుతోంది.