వెనిస్‌లో మన మద్రాసు

వెనిస్‌లో "ఒక నీడ ఇవ్వండి" అని అడిగితే చిన్న గ్లాసులో వైన్ పోసి చేతికిస్తారు. వాళ్ళ భాషలో "ఓంబ్రా" అంటే నీడ. పూర్వం సాన్ మార్కో చౌకులో వైన్ అమ్మేవాళ్ళు సరుకు వేడెక్కకుండా గంటస్తంభం నీడ ఎటు జరిగితే అటు తమ అంగళ్ళు జరుపుకునేవారనీ, ఆ పేరు అలా వచ్చిందనీ చెప్పుకుంటారు. నిజమో కాదో గాని మాట బాగుంది. డెబ్బై దాటిన వయసులో, పొద్దున పదకొండు గంటలకు, కూతురూ మనవరాలూ చూస్తుండగా నేనూ ఒక నీడ పుచ్చుకున్నాను. మా ఆవిడ ఈ పత్రిక చదువుతుంది కాబట్టి ఒక్కటేనని కూడా రాస్తున్నాను.

2023 సెప్టెంబరులో మా అమ్మాయి దగ్గరికి ఇటలీ వెళ్ళినప్పటి సంగతి ఇది. మూడు రోజులు వెనిస్‌లో ఉన్నాం. సాన్ మార్కో గుడి, పాలకుల భవనం, పడవలు - వీటి గురించి రాయనివాళ్ళు లేరు, నేను రాయను. తిండితో మొదలుపెడతాను, ఎందుకంటే ఈ కథ నాకు తిండి దగ్గరే దొరికింది.

రియాల్తో చేపల బజారు పక్క సందుల్లో "బాకరో" అనే చిన్న చిన్న వైన్ కొట్లున్నాయి. కూర్చోవడానికి చోటుండదు. నిలబడి, రొట్టెముక్క మీద ఏదో ఒకటి పెట్టించుకుని తినాలి. మొదట తిన్నది "సార్దె ఇన్ సావోర్". మద్రాసులో మనం మత్తి అనే చేపను వేయించి, సన్నగా తరిగిన ఉల్లిపాయల్ని పుల్లటి వెనిగర్‌లో మగ్గించి, పొరలు పొరలుగా పేర్చి, కిస్‌మిస్‌లూ పైన్ గింజలూ చల్లి, ఒకటి రెండు రోజులు ఊరనిస్తారు. ఓడలో పోయేవాళ్ళకు చెడిపోకుండా ఉండాలని పుట్టిన వంట. రెండోనాటి చేపలపులుసు రుచి తెలిసిన నాలుకకు దాన్ని ఎవరూ పరిచయం చెయ్యక్కర్లేదు.

రెండోది "బక్కలా". ఎండుచేపను నానబెట్టి, ఉడికించి, ఆలివ్ నూనె పోస్తూ వెన్నలా అయ్యేదాకా చితక్కొడతారు. ఆ చేప వెనిస్ సముద్రంలో దొరకదు, నార్వేది. 1431లో పియెత్రో క్వెరీని అనే వెనిస్ వర్తకుడి ఓడ తుఫానులో చిక్కి, మిగిలినవాళ్ళు నార్వే ఉత్తరాన ఒక దీవికి కొట్టుకుపోయారు. అక్కడి జాలర్లు ఆదుకున్నారు. గాలికి ఎండి కట్టెలా గట్టిపడ్డ చేపను వాళ్ళక్కడ చూశారు. ఇక వైన్ సంగతి. "మల్వసీయా" పేరుతో ఈ ఊళ్ళో ఎన్నో సందులున్నాయి. అది గ్రీసులోని మొనెంవాసియా రేవు పేరు. అక్కడినుంచి వచ్చే తియ్యటి వైన్ అమ్మిన కొట్లవల్ల ఆ సందులకు ఆ పేరు.

అంటే పళ్ళెంలో ఉన్నదీ పరాయిదే, గ్లాసులో ఉన్నదీ పరాయిదే. అయితే ఆ పరాయివాళ్ళు ఎక్కడ ఉండేవారు? రెండో రోజంతా దీనికే పోయింది.

జర్మను వర్తకులకు రియాల్తో వంతెన పక్కనే పెద్ద సత్రం కట్టించి ఇచ్చారు. అగ్నిప్రమాదం తర్వాత 1508 నాటికి తిరిగి కట్టిన భవనమే ఇప్పటికీ ఉంది. తుర్కులకు వేరే సత్రం. గ్రీకులకు 1539లో మొదలుపెట్టి కట్టుకున్న గుడి, ఒక పక్కకు ఒరిగిన గంటస్తంభంతో సహా, నిలిచి ఉంది. యూదులకు 1516లో ఒక దీవి కేటాయించి రాత్రిళ్ళు తలుపులు మూసి కాపలా పెట్టారు. ప్రపంచమంతటా వాడే "ఘెట్టో" అనే మాట ఆ పేటదే. దీన్ని చూసి వెనిస్ వాళ్ళది ఎంత విశాలహృదయం అనుకోనక్కర్లేదు. జర్మన్ల సత్రానికీ రాత్రిళ్ళు తాళమే. ఒకచోట ఉంచితే సుంకం వసూలు సులువు. అది లెక్క. మన మోటుపల్లి రేవులో 1244లో కాకతి గణపతిదేవుడు వేయించిన అభయశాసనం కూడా అలాంటిదే. తుఫానుకు ఓడ చెడిన వర్తకుల సొమ్ము రాజులు లాక్కునే రోజుల్లో, సుంకం తప్ప మరేమీ తీసుకోమని మాట ఇచ్చాడు. దయా ఉంది, లెక్కా ఉంది. ఆ రేవును "ముత్ఫిలి" అని రాసి, అక్కడి రాణిని మెచ్చుకున్న మార్కో పోలో ఇల్లు ఉండిన వాకిలి కూడా రియాల్తోకు దగ్గరే. రుద్రమదేవిని గణపతిదేవుని కూతురని కాక భార్యనుకున్నాడు పాపం. ఆయన పుస్తకం మొదట వెనిస్ భాషలో రాలేదన్నది ఇంకో ముచ్చట. జెనోవా చెరలో ఆయన చెబుతూ ఉంటే, పీసా ఊరి రుస్తికెల్లో ఫ్రెంచి కలిసిన భాషలో రాశాడు.

మూడో రోజు ఇరవయ్యో నంబరు పడవెక్కి సాన్ లాజరో దీవికి వెళ్ళాం. పూర్వం కుష్ఠురోగుల్ని ఉంచిన చిన్న దీవి అది. సెబాస్తియాకు చెందిన మెఖితార్ అనే ఆర్మేనియన్ సన్యాసి, గ్రీసులో వెనిస్ ఏలుబడిలో ఉండిన మోదోన్‌లో మఠం పెట్టుకుంటే, 1715లో ఆ ప్రాంతాన్ని తుర్కులు తిరిగి గెలుచుకున్నారు. శిష్యులతో పారిపోయి వచ్చిన ఆయనకు 1717లో వెనిస్ ఈ దీవిని ఇచ్చింది. ఆయన ఏం చేశాడు? నిఘంటువు రాయడానికి కూర్చున్నాడు. ఆర్మేనియన్ భాషకు ఆ నిఘంటువు మొదటి సంపుటం 1749లో, ఆయన పోయిన ఏడాదే, వచ్చింది. రెండోది రావడానికి ఇంకో ఇరవై ఏళ్ళు పట్టింది. తర్వాత ఆ దీవిలోనే 1789లో అచ్చుకూటం పెట్టారు. ఇంగ్లీషు కవి బైరన్ 1816లో పడవ వేసుకుని వచ్చి ఇక్కడ ఆర్మేనియన్ నేర్చుకున్నాడు. ఆయన కూర్చున్న గది చూపిస్తారు. నాకు ఆ గది కంటే, నాలుగు వేలకు పైగా రాతప్రతులు దాచిన గది దగ్గరే కాళ్ళు ఆగిపోయాయి.

మమ్మల్ని తిప్పిన గురువుగారు, నేను మద్రాసు నుంచి వచ్చానని చెప్పగానే, నవ్వుతూ చేతులు పట్టుకున్నారు. "మీ ఊరి డబ్బుతో మా పిల్లలు చదువుకున్నారు" అన్నారు. నాకు అర్థం కాలేదు. అప్పుడు చెప్పారు.

మద్రాసులో వ్యాపారం చేసి గడించిన శామ్యూల్ మూరాట్, ఎడ్వర్డ్ రఫాయేల్ అనే ఇద్దరు ఆర్మేనియన్లు ఆస్తిలో పెద్ద భాగం తమ వాళ్ళ పిల్లల చదువుకు రాసిపోయారు. ఆ సొమ్ముతో ఈ మఠంవారు 1830ల్లో పాదువాలో ఒకటి, వెనిస్‌లో ఒకటి బళ్ళు తెరిచారు. తర్వాత రెండూ కలిసి మూరాట్-రఫాయేల్ కళాశాల అయింది. పలుదేశాల ఆర్మేనియన్ పిల్లలు అక్కడికి వచ్చి తమ భాషలో చదువుకున్నారు. మా జార్జిటౌన్‌లో ఆర్మేనియన్ వీధి మీదుగా నేను ముప్పయ్యేళ్ళు ఆఫీసుకు నడిచాను. ఆ పేరు ఎందుకొచ్చిందని ఒక్కనాడూ అడగలేదు. సిగ్గేసింది.

ఇంకో సంగతి కూడా ఆ దీవిలోనే గుర్తు చేశారు. ప్రపంచంలో మొట్టమొదటి ఆర్మేనియన్ పత్రిక ఆర్మేనియాలో పుట్టలేదు, వెనిస్‌లోనూ పుట్టలేదు, మద్రాసులో పుట్టింది. పేరు "అజ్దారార్". మాసపత్రిక. షిరాజ్ నుంచి వచ్చిన హరుత్యున్ ష్మావోన్యన్ అనే గురువు, ఇద్దరు కొడుకుల్ని పోగొట్టుకున్న మనిషి, తానే అచ్చుకూటం పెట్టి 1794 అక్టోబరు నుంచి 1796 మార్చి దాకా పద్దెనిమిది సంచికలు తెచ్చాడు. ఆ తర్వాత ఆగిపోయింది. చుట్టూ తమ భాష వినబడని ఊళ్ళో, గుప్పెడు మంది చదువరుల కోసం మాసపత్రిక నడపడమంటే ఏమిటో ఈ పుటలు చదివేవారికి నేను వివరించను.

మనవరాలి పేరు ఆర్మేనియన్ అక్షరాల్లో ఒక చీటీ మీద రాసిచ్చారు గురువుగారు. తిరుగు పడవలో అది దాన్ని మోకాలి మీద పెట్టుకుని చూస్తూ, "తాతయ్యా, తెలుగులో ఎలా ఉంటుంది?" అంది. దానికి తొమ్మిదేళ్ళు. ఇంట్లో తెలుగు మాట్లాడుతుంది, చదవలేదు. కింద రాసిచ్చాను. తన పేరులో ఒత్తు ఎందుకు అవతలి అక్షరం కాళ్ళ కింద ఉండాలని పెద్ద వాదన వేసుకుంది. ఊరు వచ్చేదాకా తేలలేదు.

అంతా గొప్పగా సాగిందని మాత్రం చెప్పలేను. దీవిలోని అచ్చుకూటం 1991లో ఆగిపోయింది. మూరాట్-రఫాయేల్ బడి 1997లో మూతపడింది. సన్యాసులు కొద్దిమందే మిగిలారు. వాళ్ళు తోటలోని గులాబీలతో చేసే జామ్ ఒక సీసా కొన్నాం. అసలు వెనిస్ వాళ్ళ పరిస్థితి కూడా ఏమంత మెరుగు కాదు. సాన్ బర్తొలొమేయో చౌకులో ఒక మందుల షాపు అద్దంలో ఊరి జనాభా చూపించే అంకెల పలక ఉంది, 2008లో పెట్టింది. దీవుల మధ్యనున్న పాత ఊళ్ళో 1951లో లక్షా డెబ్బై వేలకు పైగా జనం ఉంటే, 2022లో ఆ అంకె యాభై వేల కిందికి దిగింది. వీధుల పేర్లు ఇంకా వెనిస్ యాసలోనే గోడలమీద ఉన్నాయి. వాటి కింద నాలాంటి యాత్రికులు ఫొటోలు తీసుకుంటున్నారు.

మద్రాసు వచ్చిన వారానికి ఆర్మేనియన్ వీధికి వెళ్ళాను. 1772లో తిరిగి కట్టిన గుడి అది. ఊళ్ళో ఆర్మేనియన్లు దాదాపు లేరు. ఆవరణంతా సమాధిరాళ్ళు. 1824లో పోయిన ష్మావోన్యన్ సమాధి అక్కడే ఉంది. నాకు ఆ అక్షరాలు ఒక్కటీ రావు. ఫొటో తీసి మనవరాలికి పంపాను. తన చీటీ పక్కన పెట్టుకుని చూసి, రెండు అక్షరాలు పోలుస్తున్నాయని కబురు చేసింది. గులాబీ జామ్ మాత్రం దోసెల్లోకి అంత బాగా లేదు. ఇడ్లీలోకి ఫరవాలేదు.