ట్యూబ్ ఫీడింగ్‌లో కొవ్వులు: కొబ్బరి నూనె, ఎంసీటీ నూనె

ఆపరేషన్ తర్వాత నోటితో తినలేని రోగికి ముక్కు నుంచి కడుపులోకి వేసే రైల్స్ ట్యూబు ద్వారా గానీ, పొట్ట గోడ గుండా చిన్నపేగులో అమర్చే జెజునాస్టమీ గొట్టం ద్వారా గానీ ద్రవాహారం ఇస్తారు. సాధారణ ఫార్ములాల్లో శక్తిలో సుమారు 25–35 శాతం కొవ్వుదే. ఈ కొవ్వుల్లో ఒకటైన ఎంసీటీ (మధ్యశ్రేణి గొలుసు ట్రైగ్లిజరైడ్లు) నూనెకు కొబ్బరి ముఖ్యమైన ముడిసరుకు. అందువల్ల అంబాజీపేట కొబ్బరి మార్కెట్‌కు పేరుపడ్డ కోనసీమలో ఈ రెండు నూనెలూ ఒకటేనన్న అభిప్రాయం కలగడం సహజం.

శోషణ. సోయా, పొద్దుతిరుగుడు వంటి నూనెల్లోని పొడవు గొలుసు కొవ్వులు అరగడానికి పైత్యరసం, క్లోమం ఎంజైములు కావాలి. అరిగాక అవి శోషరస నాళాల గుండా రక్తంలో చేరతాయి. ఎంసీటీ చాలావరకు నేరుగా కాలేయానికి వెళ్తుంది. గ్రాముకు సుమారు 8.3 కిలో కేలరీలు ఇస్తుంది. మామూలు కొవ్వు ఇచ్చేది 9. ఎంసీటీ ఒక్కసారిగా ఎక్కువ ఇస్తే కడుపునొప్పి, విరేచనాలు రావచ్చు.

శస్త్రచికిత్సలో వాడుక. మెడ, అన్నవాహిక ఆపరేషన్లలో ప్రధాన శోషరస నాళం దెబ్బతింటే కైల్ (కొవ్వు కలిసిన శోషరసం) కారుతుంది. పస్తున్నప్పుడు పలచగా ఉన్న డ్రెయిన్ ద్రవం, ఫీడ్ మొదలుపెట్టగానే పాలలా తెల్లబడుతుంది. అందులో ట్రైగ్లిజరైడ్లు డెసిలీటరుకు 110 మి.గ్రా. దాటితే కైల్ అనే భావిస్తారు. అప్పుడు మామూలు కొవ్వు బాగా తగ్గించి ఎంసీటీ ఫీడ్ ఇవ్వడం స్థిరపడిన పద్ధతి. క్లోమం ఆపరేషన్ తర్వాత జిడ్డు విరేచనాలవుతుంటే కూడా వాడతారు గానీ, ఎంజైములిస్తే మామూలు కొవ్వే సరిపోతుందనే వారూ ఉన్నారు. ఎంసీటీలో అత్యవసర కొవ్వు ఆమ్లాలు లేవు. ఎక్కువకాలం అదొక్కటే ఇస్తే చర్మం పొడిబారి పొలుసులు లేస్తుంది.

కొబ్బరి నూనె. ఇందులో దాదాపు సగం లారిక్ ఆమ్లం (12 కార్బన్లు). రసాయన శాస్త్ర గ్రంథాలు దీన్ని మధ్యశ్రేణిలోనే చేరుస్తాయి. కానీ శరీరంలో ఇది ఎక్కువగా పొడవు గొలుసు కొవ్వులాగే శోషరస మార్గం పడుతుంది కాబట్టి, వైద్య వాడుకకు ఈ రెండో లెక్కే నమ్మదగినది. వైద్యంలో వాడే ఎంసీటీ నూనె ప్రధానంగా 8, 10 కార్బన్ల ఆమ్లాలను వేరుచేసి తయారుచేసినది. తేడా కంటికే కనిపిస్తుంది: ధనుర్మాసం పొద్దుటిపూట కొబ్బరి నూనె సీసాలోనే పేరుకుంటుంది, ఎంసీటీ నూనె పేరుకోదు. ఇంట్లో రుబ్బిన ఫీడ్‌లో ఏ నూనె కలిపినా, కాసేపు ఉంచితే పైకి తేలి, సిరంజిలో చివరగా దిగి గొట్టం గోడలకు అంటుకుంటుంది. ఫీడ్ అయ్యాక సుమారు 30 మి.లీ. నీళ్లు పోయమనేది అందుకే.

చేప నూనె. ఇందులోని ఒమేగా-3 కొవ్వుల విషయంలో ఏకాభిప్రాయం తక్కువ. పోషణ లోపించి పెద్ద క్యాన్సర్ ఆపరేషన్‌కు వచ్చినవారికి ఆర్జినిన్, ఒమేగా-3, న్యూక్లియోటైడ్లు కలిసిన ఫార్ములాను ఐరోపా వైద్య పోషణ సంఘం ఎస్పెన్ 2017, 2021 మార్గదర్శకాలు సూచించాయి. 2011లో వెలువడిన ఒమేగా ప్రయోగంలో మాత్రం, ఊపిరితిత్తులు తీవ్రంగా దెబ్బతిన్న 272 మందిలో మేలు కనిపించలేదు. వారు వేరే కోవ రోగులు గనుక ఆ ఫలితం శస్త్రచికిత్స రోగులకు నేరుగా వర్తించదు.

మొత్తం మీద, గానుగ కొబ్బరి నూనె ఎంసీటీ నూనెకు ముడిసరుకే గానీ ప్రత్యామ్నాయం కాదు; కైల్ కారుతున్న రోగికి దాన్ని గొట్టంలో పోయకూడదు.