ఎర్తింగ్: పల్నాటి రాతినేలలో ఒక చరిత్ర

ఎర్తింగ్ అంటే కరెంటు వ్యవస్థలోని న్యూట్రల్‌నూ, మోటార్లు, స్టార్టర్ డబ్బాలు, ఇనుప స్తంభాల వంటి లోహభాగాలనూ నేలతో కలిపే ఏర్పాటు. చేతికి అందేంత దూరంలో ఉన్న లోహభాగాలన్నిటినీ ఒకదానితో ఒకటి కలిపి, వాటి మధ్య వోల్టేజి తేడా లేకుండా చేయడం బాండింగ్. రెండూ కలిసి పనిచేయాలి. అయితే ఎర్త్ అంటే ఏ ఊళ్లోనైనా తెలుస్తుంది, బాండింగ్‌ను మాత్రం పట్టించుకునేవారు తక్కువ. పల్నాడు జిల్లా దుర్గి, మాచర్ల, రెంటచింతల ప్రాంతంలో ఈ రెండింటి కథా నేలతో ముడిపడింది. ఇక్కడ చాలాచోట్ల పైమట్టి కింద సున్నపురాయి, నాపరాయి పొరలున్నాయి. ఎండల విషయంలో రెంటచింతల పేరు వేసవిలో రోజూ వార్తల్లో వినపడేదే. రాయీ, ఎండిన మట్టీ రెండూ ఎర్త్‌కు గిట్టనివే.

నేలను తీగలా వాడుకోవచ్చని ముందు కనిపెట్టింది టెలిగ్రాఫ్ వాళ్లు. 1838లో మ్యూనిక్ శాస్త్రవేత్త స్టైన్‌హైల్, తిరుగుతీగ అవసరం లేకుండా నేల గుండానే సంకేతం వెనక్కి వస్తుందని చూపించాడు. కరెంటు సరఫరా మొదలైనప్పుడు మాత్రం ఇంజనీర్లు నేలకు దూరంగానే ఉన్నారు. 1882లో న్యూయార్క్‌లో ఎడిసన్ నడిపిన వ్యవస్థలో తీగలు వేటినీ నేలతో కలపలేదు. ట్రాన్స్‌ఫార్మర్లు వచ్చాక సంగతి మారింది. లోపలి ఇన్సులేషన్ చెడితే వేల వోల్టులు నేరుగా ఇంట్లోని బల్బు తీగలోకి దిగుతాయి. న్యూట్రల్‌ను నేలతో కలిపితే ఆ ప్రమాదం తప్పుతుందని కొందరు, కలిపితే షాకులూ అగ్నిప్రమాదాలూ పెరుగుతాయని మరికొందరు అమెరికాలో ఏళ్లతరబడి వాదించుకున్నారు. 1913 నాటి అక్కడి విద్యుత్ నియమావళి 150 వోల్టుల లోపు సరఫరాకు ఎర్తింగ్‌ను తప్పనిసరి చేయడంతో ఆ వాదానికి తెరపడింది.

మన దేశంలో డార్జిలింగ్‌లో 1897లో, కలకత్తాలో 1899లో కరెంటు వెలిగింది. 1903లో ఒక చట్టం, దాని స్థానంలో 1910లో భారత విద్యుత్ చట్టం, దాని కింద 1937లో నిబంధనలు వచ్చాయి. అప్పటి గుంటూరు జిల్లాలో భాగమైన పల్నాడుకు ఇవి మద్రాసు ప్రెసిడెన్సీ ద్వారా అందాయి. ఊళ్లలో లైన్లు పడే కాలానికి మాత్రం అమల్లో ఉన్నవి 1956 నాటి భారత విద్యుత్ నిబంధనలు. 1959లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విద్యుత్ మండలి నాలుగు దశాబ్దాలు వీటి ప్రకారమే నడిచింది.

ఆ నిబంధనల్లో 61వది ఎర్తింగ్‌కు గుండెకాయ. మోటారు, జనరేటర్, ట్రాన్స్‌ఫార్మర్ల లోహపు ఒంటికి రెండు వేర్వేరు ఎర్త్ కనెక్షన్లు ఉండాలంటుంది. ఒకటి తుప్పుపట్టి తెగినా రెండోది ఆదుకోవాలని ఉద్దేశం. సరఫరాదారు తన ఎర్త్‌లను కనీసం రెండేళ్లకోసారి, ఎండాకాలంలో, వాన లేని రోజున పరీక్షించాలని కూడా అందులోనే ఉంది. రాసినవాళ్లకు పల్నాడు తెలియకపోవచ్చు గానీ, పల్నాడు కోసమే రాసినట్టుండే వాక్యం అది. ఆగస్టులో తడినేల మీద మీటరు పెట్టి చూస్తే ఏ ఎర్త్ అయినా బాగానే కనిపిస్తుంది, దాని అసలు రంగు మే నెలలో తేలుతుంది.

ఎర్త్ ఎలా వేయాలో చెప్పే భారతీయ ప్రమాణం ఐఎస్ 3043. ఇది 1966లో వచ్చింది, 1987లోనూ 2018లోనూ సవరించారు. ఇనుప ప్లేటయితే 60 సెంటీమీటర్ల చదరం, 6.3 మిల్లీమీటర్ల మందం. జింకు పూత ఇనుప (జీఐ) పైపయితే కనీసం 38 మిల్లీమీటర్ల లోపలి వ్యాసం, రెండున్నర మీటర్ల పొడవు. కాగితం మీద ఇది తేలిక. రాతినేలలో గునపం రెండడుగులు దిగగానే ఖంగుమంటుంది. అక్కడితో ఆపి పైపును సగానికి కోసి పాతేసే పనివాళ్లూ ఉన్నారు, పక్కన మరోచోట తవ్వి చూసే ఓపిక ఉన్నవాళ్లూ ఉన్నారు. గుంత దిగినచోట పైపు నిలబెట్టి, చుట్టూ బొగ్గూ ఉప్పూ పొరలు పొరలుగా వేసి, పైన గరాటు పెట్టి, వేసవిలో బిందెడు నీళ్లు పోస్తుంటారు. ఉప్పు తేమను పట్టి ఉంచుతుంది, కానీ ఆ పైపునే తినేస్తుంది కూడా. గుంత అసలే దిగనిచోట పైపును నిలువునా పాతాలని పట్టుబట్టకుండా, మట్టి ఉన్న లోతులోనే ఇనుప పట్టీని పొడవుగా అడ్డంగా పరచడం మేలు. ప్రమాణం కూడా దీన్ని ఒప్పుకుంటుంది.

నేల ఎంత తేడా తెస్తుందో లెక్క వేసి చూడవచ్చు. నిరోధకత 10 ఓమ్-మీటర్లుండే తడి నల్లరేగడిలో రెండున్నర మీటర్ల పైపు సుమారు 3 ఓములు చూపిస్తుంది. 100 ఓమ్-మీటర్ల నేలలో అదే పైపు 33 ఓములు, వెయ్యి ఓమ్-మీటర్ల రాతినేలలో 330 ఓములు. 33 ఓములు చూపే పైపునే తీసుకుందాం. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరి ఎర్త్ 5 ఓములనుకుంటే, మోటారు బాడీకి ఫేజు తగిలినప్పుడు నేల గుండా పారేది 6 ఆంపియర్లే. 15 ఆంపియర్ల ఫ్యూజు దానికి చలించదు. మోటారు ఒంటి మీద 200 వోల్టులు అలాగే నిలబడి ఉంటాయి. పైపు పాతితే ఎర్త్ అయిపోయిందన్న నమ్మకం ఇక్కడే దెబ్బతింటుంది. ఫ్యూజు పోవాలంటే లీకైన కరెంటు న్యూట్రల్ దాకా లోహపు తీగ మీదుగా తిరిగి వెళ్లాలి, లేదా కొద్దిపాటి లీకేజీకే సరఫరాను ఆపే పరికరం ఉండాలి.

కొండరాతి మధ్య కట్టిన జలవిద్యుత్ కేంద్రాలు ఈ చిక్కును వేరే దారిలో దాటాయి. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జునసాగర్‌లో జలవిద్యుత్ ఉత్పత్తి 1978లో మొదలైంది. ఇలాంటి కేంద్రాల్లో కాంక్రీటులోని ఇనుమునూ, నీటిలో మునిగి ఉండే లోహాన్నీ, విడిగా పరిచిన లోహపు వల (మ్యాట్)నూ కలిపి ఒకే ఎర్త్‌గా చేస్తారు. కాంక్రీటు తేమను వదలదు కాబట్టి అందులోని ఇనుము మంచి ఎర్త్ అవుతుందని రెండో ప్రపంచయుద్ధ కాలంలో అమెరికాలోని ఎండనేల అరిజోనాలో, బాంబుల గిడ్డంగుల దగ్గర హెర్బర్ట్ ఉఫర్ తేల్చాడు. ఇల్లు కట్టేటప్పుడు పునాది ఇనుముకు ఒక పట్టీ వెల్డింగ్ చేసి బయటికి తీసిపెడితే చాలు. పల్నాడులో దీన్ని ఎందుకు వాడకూడదన్నది ఇంజనీర్లు ఆలోచించాల్సిన విషయం.

సాగర్ కుడికాలువ నీళ్లు అందని పొలాల్లో బోర్లు పడ్డాయి, వాటి వెంట మోటార్లు వచ్చాయి. పాతరోజుల్లో ఇనుప కేసింగూ, ఇనుప డెలివరీ పైపూ ఎవరూ అడగకుండానే ఎర్త్ పని చేసిపెట్టేవి. 2004లో రైతులకు ఉచిత విద్యుత్ వచ్చాక కెపాసిటర్, ఐఎస్‌ఐ మోటారు, ఘర్షణ తక్కువ ఫుట్‌వాల్వ్‌లతో పాటు ప్లాస్టిక్ పైపులు వాడాలని షరతు పెట్టారు. కరెంటు ఆదాకు అది సరైన నిర్ణయమే. కాకపోతే నీళ్ల కోసం నేలలోకి దిగే ఇనుము తగ్గిపోయింది, దాని స్థానంలో విడిగా ఎర్త్ పైపు వేయించుకున్నవారు ఎందరో చెప్పడం కష్టం. దీనికి తోడు పొలంలో ఇంకో అలవాటుంది. ఒక్క ఫేజే ఉన్న వేళ షెడ్డులో బల్బు వెలగడానికి న్యూట్రల్ బదులు నేలలో కడ్డీ దించి తీగ కడతారు. బల్బు వెలుగుతుంది. కడ్డీ చుట్టూ ఉన్న తడినేలకు కరెంటు పాకుతుంది, చెప్పుల్లేకుండా అటు వచ్చిన మనిషికైనా గొడ్డుకైనా షాకు కొట్టే ప్రమాదం ఉంది.

దుర్గిలో నేల పైన కూడా రాయీ, కరెంటూ ఎదురుపడతాయి. ఇక్కడి శిల్పులు స్థానిక సున్నపురాతిని చెక్కుతారు, దుర్గి రాతిశిల్పాలకు భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. ఉలీ సుత్తీ పక్కన గ్రైండర్ చేరితే, దుమ్ము లేవకుండా నీళ్లు చల్లితే, చేతిలో మిషనూ కాళ్ల కింద తడీ కలుస్తాయి. చదరంలో చదరం గుర్తున్న గ్రైండర్‌కు రెండు పొరల ఇన్సులేషన్ ఉంటుంది. దానికి ఎర్త్ తీగ ఉండదు, అక్కర్లేదు కూడా. తడిలో అదొక్కటే సరిపోదు. 1950లలో దక్షిణాఫ్రికా గనుల కోసం హెన్రీ రూబిన్, 1961లో అమెరికాలో చార్లెస్ డాల్జీల్ రూపొందించిన లీకేజీ పరికరాల వారసులే నేటి ఆర్‌సీసీబీలు. వెళ్లిన కరెంటుకూ తిరిగొచ్చిన కరెంటుకూ మధ్య 30 మిల్లీ ఆంపియర్ల తేడా వస్తే సరఫరాను ఆపేస్తాయి. ఎర్త్ 330 ఓములున్నా ఇవి పనిచేస్తాయి, కాబట్టి రాతినేలకు ఇంతకంటే అక్కరకొచ్చేది లేదు.

1956 నిబంధనల స్థానంలో 2010లో కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నిబంధనలు వచ్చాయి, 2023లో వాటినీ మార్చి రాశారు. 61వ నిబంధనలోని సారం వాటిలోనూ కొనసాగింది. విద్యుత్ మండలి 1999లో విడిపోయింది, ఇప్పుడు పల్నాడు జిల్లాకు సరఫరా ఇచ్చేది విజయవాడ కేంద్రంగా ఉన్న మధ్యప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ. ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె దగ్గరి ఎర్త్‌లూ, స్తంభాల ఎర్త్‌లూ ఆ సంస్థ బాధ్యత. ఇక పాత 33వ నిబంధన లెక్కన చూస్తే, 250 వోల్టులు దాటిన సరఫరా తీసుకునే వినియోగదారుడు సంస్థ ఇచ్చే ఎర్త్ టెర్మినల్‌తో సరిపెట్టుకోకుండా సొంతంగా మరో ఎర్త్ వేసుకోవాలి. 415 వోల్టుల మూడు ఫేజుల మోటారున్న రైతులంతా ఆ లెక్కలోకి వస్తారు.