ఉప్పుగాలిలో ఇనుప లత

నెల్లూరు నుంచి మైపాడు వెళ్లే దారిలో కొత్తగా కట్టిన ఇళ్ల ముందు తోట గోడల మీద ఒక అలంకారం కనిపిస్తోంది. నల్లరంగో రాగిరంగో వేసిన లోహపు పలక, అందులో కోసి తీసిన కొమ్మలు, ఆకులు, పక్షులు. వెనక చిన్న దీపం పెడితే రాత్రిపూట గోడంతా నీడల తీగలు పాకుతాయి. సీఎన్‌సీ జాలీ అని అడిగితే వర్క్‌షాపు వాళ్లు కంప్యూటర్లో వందల డిజైన్లు చూపిస్తారు. ఇదంతా నిన్నమొన్నటి మోజు అనిపిస్తుంది గానీ, దీని వంశం చాలా పాతది. సముద్రపు గాలిలో ఈ పలక నాలుగు కాలాలు నిలవాలంటే ఆ వంశచరిత్ర కొంచెమైనా తెలిసి ఉండాలి. ఎందుకంటే జాలీ పుట్టిందే గాలి కోసం.

ఈ తీరంలో అసలైన జాలీ తాటాకు దడి. పట్టపు జాలరుల పాలేల్లో గుడిసె చుట్టూ కట్టే దడి గాలిని పూర్తిగా ఆపదు. సగం వదిలేసి, సగాన్ని నెమ్మదింపజేసి, ఇసుకను మాత్రం బయటే దింపేస్తుంది. గట్టి గోడ కడితే గాలి దాని మీదుగా ఎగిరి అవతల సుడి తిరుగుతుంది. దడికి ఆ బాధ లేదు. రైలింజన్లకు కట్టెలు కావాలని 19వ శతాబ్దిలో మద్రాసు ప్రెసిడెన్సీ తీరాల్లో సరుగుడు తోటలు పెంచాక, ఆ కర్రలు కూడా కంచెల్లోకి వచ్చాయి. మనిషి చూపును ఆపాలి, గాలిని ఆపకూడదు: జాలీ అన్న ప్రతిదానికీ మూలసూత్రం ఇదే.

రాతిలో ఈ పని మనవాళ్లు చాలా ముందే చేశారు. అలంపురం నవబ్రహ్మ ఆలయాల గోడల్లో 7వ శతాబ్ది నాటి రాతి జాలకాలు ఉన్నాయి. బాదామి చాళుక్యుల శిల్పులు ఒకే పలకను తొలిచి, ప్రదక్షిణ మార్గంలోకి వెలుగు వచ్చేలా చేశారు. 1573 నాటి అహ్మదాబాద్ సీదీ సయ్యద్ మసీదులో రాయి ఏకంగా చెట్టయి, కొమ్మలు పెనవేసుకుపోయింది. ఈ రోజు లోహపు పలకల్లో కోస్తున్న ‘జీవవృక్షం’ డిజైన్లు చాలావాటికి ఆ కిటికీయే తల్లి. కోయించుకునేవాళ్లలో ఎక్కువమందికి ఆ సంగతి తెలియకపోవడం నాకు నిజంగా బాధగా ఉంటుంది.

అయితే తోట గోడకు దగ్గరి చుట్టాన్ని చూడాలంటే హైదరాబాదు సంతోష్‌నగర్ దగ్గరున్న పాయిగా సమాధులకు వెళ్లాలి. 18వ శతాబ్ది చివర్లో మొదలై 19వ శతాబ్దిలో విస్తరించిన ఆ ఆవరణలో తలమీద కప్పు కంటే చుట్టూ ఉన్న జాలీ గోడలే ముఖ్యం. సున్నపు గచ్చుతోనూ పాలరాతితోనూ చేసిన ఆ జాలీల్లో కోణాలు, పూలు, నక్షత్రాలు ఒక గోడకూ ఇంకో గోడకూ మారిపోతుంటాయి. ఎండ జరిగేకొద్దీ నేలమీద నీడల ముగ్గు కూడా జరుగుతూ ఉంటుంది. అక్కడ ఒక గంట కూర్చుంటే బొమ్మ ఎంతో, ఖాళీ కూడా అంతే అని అర్థమవుతుంది.

లోహానికి వద్దాం. తాజ్‌మహల్ లోపల సమాధుల చుట్టూ మనం చూసే పాలరాతి జాలీ మొదట ఉన్నది కాదు. 1633లో అక్కడ పెట్టింది మీనాకారీ చేసిన బంగారు జాలీ. దాన్ని తీసేసి పాలరాతిది పెట్టింది 1643లో. అంటే మన దేశపు అతి ప్రసిద్ధ రాతి జాలీ ఒక లోహపు జాలీ స్థానంలోకి వచ్చింది. బంగారానికి తుప్పు భయం లేదు గాని, దొంగల భయం ఉంది మరి.

తోటకు ఇనుప జాలీ అన్న ఆలోచన ఐరోపాలో 17వ శతాబ్ది చివర పండింది. ఫ్రెంచి కమ్మరి జాన్ తిజూ లండన్ దగ్గరి హాంప్టన్ కోర్టు రాజోద్యానం కోసం పన్నెండు పెద్ద ఇనుప పలకలు చేశాడు. కాల్చి సాగదీసిన ఊచలు, సుత్తితో కొట్టి ఉబ్బించిన రేకు ఆకులు. ఆ నమూనాలను 1693లో పుస్తకంగా కూడా వేశాడు. తర్వాత 1709లో అబ్రహాం డార్బీ కోక్ బొగ్గుతో ఇనుము కరిగించడంతో పోత ఇనుముకు దారి పడింది. సుత్తి పనివాడు నెలల తరబడి చేసే లతను అచ్చులో పోసి వందల కొద్దీ తీయడం మొదలైంది. గ్లాస్గోలోని వాల్టర్ మాక్‌ఫర్లేన్ వారి సారసెన్ ఫౌండ్రీ ఇలాంటి కమ్మీలు, స్తంభాలు, మంటపాలు కేటలాగు పెట్టి ప్రపంచమంతా అమ్మింది. 1912లో పూర్తయిన మైసూరు రాజభవనం కల్యాణ మంటపంలోని ఇనుప స్తంభాలు అక్కడ పోసినవే.

నెల్లూరు తీరానికి ఇంగ్లీషువాళ్లు 1626లోనే వచ్చి దుగరాజపట్నంలో కోట కట్టుకున్నారు. 1639లో మద్రాసు స్థలం దొరకగానే అటు మళ్లారు. పోత ఇనుప కమ్మీల షోకు మాత్రం చాలాకాలం తర్వాత ఆ మద్రాసు తోట బంగళాల నుంచే మన పట్టణాలకు పాకింది. ఆ తర్వాత సిమెంటు జాలీల కాలం. అచ్చుల్లో పోసిన పూలు, చదరాలు వసారాలకూ మేడమెట్లకూ ప్రహరీ పైవరసకూ ఎక్కాయి. ఇప్పుడు వాటిని పాతకాలపువని కొట్టేస్తున్నారు గాని, సముద్రపు గాలికి అవి చూపిన ఓర్పు తక్కువేం కాదు. వెల్డింగ్ షాపులు పెరిగాక పట్టీలు వంచి అతికిన గ్రిల్లు వచ్చింది.

ఇదే కోరమాండల్ తీరంలో, పుదుచ్చేరిలో, 1930ల చివర మొదలైన గోల్కొండ్ అనే ఆశ్రమ వసతి భవనం గురించి చెప్పకుండా ముందుకు పోలేను. హైదరాబాదు దివాన్ సర్ అక్బర్ హైదరీ నిజాం నుంచి విరాళం ఇప్పించినందుకే దానికి ఆ పేరు. గోడలకు బదులు తెరిచి మూసుకోగల అడ్డ పలకల వరసలు. బిగింపులకు కావలసిన ఇత్తడి సామానును ఆశ్రమంలోనే పోతపోసుకున్నారు. సముద్రం పక్కన కట్టేవాడు పలకతో పాటు బిగింపు గురించి కూడా ఎంత ఆలోచించాలో ఆ ఇల్లు చూపిస్తుంది.

నేటి పలకకు అసలు కారణం లేజర్. కార్బన్ డయాక్సైడ్ లేజర్‌ను 1964లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో కనిపెట్టింది మహారాష్ట్రలోని బారామతిలో పుట్టిన కుమార్ పటేల్. 1967లో బ్రిటన్‌లో పీటర్ హౌల్డ్‌క్రాఫ్ట్ ఆ కిరణంతో పాటు ఆక్సిజన్ ఊది ఒక మిల్లీమీటరు ఉక్కు రేకును కోశాడు. ఇప్పుడు మన వర్క్‌షాపుల్లో ఎనిమిది అడుగులకు నాలుగు అడుగుల రేకు మీద ఆ కోతే ఇంకా వేగంగా జరుగుతోంది. రాతి శిల్పికీ లేజర్‌కూ నియమం మాత్రం ఒకటే: ప్రతి ఆకూ ఎక్కడో ఒకచోట కొమ్మను అంటుకుని ఉండాలి, లేకపోతే రాలిపోతుంది.

ఇక ఉప్పు సంగతి. ఇస్కపల్లి, కృష్ణపట్నం వైపు మడుల్లో ఉప్పు పండించే ఊళ్లకు దీని గుణం ఒకరు చెప్పనక్కర్లేదు. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు నీటిని పీల్చుకుని కరుగుతుంది. మన తీరంలో చాలా రాత్రులు తేమ అంతకంటే ఎక్కువే. అంటే పలక మీద పడిన సన్నటి ఉప్పుపొర వాన లేకపోయినా రాత్రంతా తడిగానే ఉంటుంది. పెయింటు పలచగా పట్టేది పదునైన అంచుల మీద. లేజర్ పలక నిండా అంచులే. ఆక్సిజన్‌తో కోసిన అంచు మీద ఏర్పడే పొరను రుద్ది తీయకపోతే రంగు పెచ్చులూడి వస్తుంది. అప్పటికే జింకు పూత ఉన్న జీఐ రేకును తెచ్చి కోయించినా అంతే, కోసిన ప్రతి అంచూ మళ్లీ పచ్చి ఇనుమే. 1837లో ఫ్రాన్సులో సోరెల్ పేటెంటు తీసుకున్న జింకు పూత ఇక్కడ పనిచేయాలంటే ముందు కోత, తర్వాత జింకు స్నానం, ఆపైన పౌడర్ కోటింగ్. వరస తప్పితే పెట్టిన డబ్బంతా వృథా.

స్టీలు కావాలనుకుంటే 304 కాదు, 316 అడగాలి. అందులో 2 నుంచి 3 శాతం కలిపే మాలిబ్డినమ్ ఉప్పు పొడిచే గుంటల్ని అడ్డుకుంటుంది. తుప్పురంగే అందమని కార్టెన్ ఉక్కు తెప్పించుకునేవాళ్లున్నారు. ఉప్పుగాలిలో దాని తుప్పు గట్టిపడి ఆగదు, పొరలుగా రాలుతూనే ఉంటుంది. నన్నడిగితే ఈ తీరానికి అల్యూమినియమే మేలు. మూడు మిల్లీమీటర్ల మందంలో ఎనిమిది అడుగులకు నాలుగు అడుగుల ఉక్కు రేకు దాదాపు 70 కిలోలు, అల్యూమినియం అయితే 24. కానీ దానికి మామూలు ఇనుప స్క్రూలు బిగిస్తే ఉప్పుతడిలో ఆ ఇనుము చుట్టూ ఉన్న అల్యూమినియాన్ని తినేస్తుంది. 316 బోల్టులు వేసి, మధ్యలో నైలాన్ వాషర్లు పెట్టాలి.

బిగింపులో బలం ఎంత కావాలో తుపాను చెబుతుంది. భారత ప్రమాణాల సంస్థ నెల్లూరుకు నిర్దేశించిన గాలివేగం సెకనుకు 50 మీటర్లు. చదరపు మీటరుకు ఇంచుమించు 150 కిలోల ఒత్తిడి అది. కోత ఎంత ఎక్కువుంటే ఆ భారం అంత తగ్గుతుంది. కాబట్టి సగమైనా ఖాళీ ఉన్న డిజైన్ ఎంచుకోవడం మంచిది. నాలుగున్నర అంగుళాల ఒంటి ఇటుక గోడకు, అందులోనూ చౌడు పట్టి పెచ్చులూడుతున్న పూతకు, యాంకర్ బోల్టు నిలవదు. ప్రహరీలో కాంక్రీటు స్తంభాలు ఎక్కడున్నాయో చూసి వాటికే బిగించాలి. ఆ దూరానికి పలక సరిపోకపోతే స్తంభం నుంచి స్తంభానికి చట్రం వేయించుకోవాలి.

చాలామంది మేస్త్రీలు పలకను గోడకు అతుక్కునేలా బిగిస్తారు. నా అసలు అభ్యంతరం ఇక్కడే. గాలి కోసం పుట్టిన వస్తువును ఊపిరాడకుండా గోడకు అంటగట్టడం అది. గోడకూ పలకకూ మధ్య స్పేసర్లు పెట్టి కనీసం రెండంగుళాలు వదిలితే నీడ విడిగా పడుతుంది, తడి ఆరుతుంది, గాలి నడుస్తుంది. మన వానలు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకానే. ఆ వాన కూడా పలక ముందువైపు ఉప్పునే కడుగుతుంది. వెనకవైపు ఉప్పు పేరుకుంటూ పోతుంది, తుప్పు మొదలయ్యేదీ అక్కడి నుంచే. నెలకోసారి మంచినీళ్ల పైపు పట్టుకుంటే ఆ నీళ్లు వెనక మూలమూలకూ చేరేంత సందు ఉండాలి. రెండంగుళాలు చాలకపోతే మూడు వదలమని బిగించే రోజునే మేస్త్రీకి చెప్పాలి.